మన ఊరు దేనికి ప్రసిద్ధి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మన కార్యదర్శి గారు ఫోన్ చేసి, “మేడం, మన ఊరి గొప్పతనం గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాలి” అన్నారు. నేను ముప్పై ఎనిమిదేళ్లు లెక్కల టీచరుగా పనిచేసిన మనిషిని. నా నోరు నలభై అయిదు నిమిషాల పీరియడుకు అలవాటు పడింది. అయినా గంట కొట్టకముందే ముగిస్తానని మాట ఇచ్చాను.

‘మీ ఊరు దేనికి ప్రసిద్ధి?’ అన్న ప్రశ్న నన్ను మొదటిసారి అడిగింది 1986లో, ఉద్యోగం ఇంటర్వ్యూలో. బల్లకు అవతల ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దాయన నా దరఖాస్తు చూసి, “పోచంపల్లా? మీ ఊరు దేనికి ప్రసిద్ధో చెప్పమ్మా” అన్నారు. నేను గడగడా వినోబా భావే గారి గురించి చెప్పాను. తేదీతో సహా చెప్పాను. ఆయన అంతా విని, నేను కట్టుకున్న చీర వైపు చూసి, “మరి ఈ చీర సంగతి చెప్పలేదే?” అన్నారు. నేను తల దించుకున్నాను.

ఎందుకు దించుకున్నానో ఈ సభలోనే మొదటిసారి చెబుతున్నాను. మగ్గపోళ్ల పిల్ల అనుకుంటారేమో అని సిగ్గుపడ్డాను. ఉద్యోగం వచ్చింది కానీ ఆ సిగ్గు నాకు చాలా ఏళ్లు మిగిలింది. ఆ రోజు సగం చెప్పి ఆపిన జవాబును ఇవాళ మీ ముందు పూర్తి చేయాలని వచ్చాను.

ముందు ఆ రోజు చెప్పిన సగం చెబుతాను. అదీ చిన్న విషయం కాదు.

1951లో హైదరాబాదు దగ్గర శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనం జరిగింది. వినోబా గారు దానికి వార్ధా దగ్గరి పౌనార్ ఆశ్రమం నుంచి కాలినడకన వచ్చారు. సమ్మేళనం అయిపోయాక, సాయుధ పోరాటంతో అట్టుడుకుతున్న తెలంగాణ పల్లెలను చూడాలని మళ్లీ నడక మొదలుపెట్టి, ఏప్రిల్ 18న మన ఊరు చేరారు. దళితవాడకు వెళ్లి మీకేం కావాలని అడిగితే, వాళ్లు భూమి కావాలన్నారు. ఎంత అంటే, ఎనభై ఎకరాలు అన్నారు. నలభై తరి, నలభై కుష్కి. సాయంత్రం జనం కూడినప్పుడు వినోబా గారు, సర్కారు సంగతి తర్వాత, ఈ ఊళ్లో ఎవరైనా ఇవ్వగలరా అని అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. అడిగింది ఎనభై, ఇచ్చింది వంద. అక్కడి నుంచి మొదలైన భూదానోద్యమం దేశమంతా నడిచి లక్షల ఎకరాలు పోగుచేసింది. మన ఊరి పేరు ముందు ‘భూదాన్’ అన్న మాట చేరింది.

మన బడిలో చదివినవాళ్లకు ఈ కథ కంఠతా వచ్చు. ఏప్రిల్ వచ్చిందంటే వక్తృత్వ పోటీ. ‘అడిగింది ఎనభై, ఇచ్చింది వంద’ అని చెయ్యెత్తి చెబితే చప్పట్లు. నాకూ ఒకసారి కంపాస్ బాక్సు బహుమతి వచ్చింది. పెద్దయ్యాక నాకు ఆ కథలో ఇంకో సంగతి కనిపించింది. ఇచ్చిన ఆయన పేరు మనందరికీ తెలుసు, తెలియాలి కూడా. మరి నోరు తెరిచి అడిగినవాళ్ల పేర్లు మన వక్తృత్వ పోటీల్లో ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నా ప్రసంగం చివర్లో ఈ మాట మళ్లీ గుర్తు చేసుకుందాం.

ఇక రెండో సగం, చీర.

మన చిటికి పని గురించి బయటివాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఒక పట్టాన అర్థం కాదు. బట్ట నేసి దాని మీద అద్దకం వేస్తారనుకుంటారు. మన దగ్గర తిరకాసంతా నేయకముందే ఉంటుంది. నూలు నూలుగా ఉన్నప్పుడే బొమ్మ అందులోకి పోవాలి. ఏ పోగు ఎక్కడ ఎర్రగా ఉండాలో, ఎక్కడ తెల్లగా ఉండాలో ముందే లెక్క వేయాలి. రంగు అంటకూడని చోట గట్టిగా కట్టాలి. మా ఇంట్లో పాత సైకిల్ ట్యూబులను సన్నగా కోసిన రబ్బరు ముక్కలతో కట్టేవాళ్లు. ఒక రంగులో ముంచి ఆరబెట్టి, కొన్ని కట్లు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, ఇంకో రంగులో ముంచాలి. తర్వాత వరస తప్పకుండా కండెలకు చుట్టాలి. మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాయన నాడె వేసిన ప్రతిసారీ పోగును వేలితో అటో ఇటో సర్దుకోవాలి. ఒక్క వరస తప్పితే ఏనుగు కాలు ఏనుగును వదిలిపోతుంది. చిలుక ముక్కు ఇంకో చిలుకకు అతుక్కుంటుంది.

ఎంత సర్దినా బొమ్మ అంచున రవ్వంత మసక మిగులుతుంది. పోగు పోగుకూ రంగు ఒక వెంట్రుకవాసి జరగడం వల్ల వచ్చే మసక అది. అదే ఇక్కత్ గుర్తు.

ఈ పని మొదట మనది మాత్రమే కాదు, ఆ నిజమూ చెప్పుకోవాలి. చీరాల వైపు నేసిన తేలియా రుమాళ్లు అరబ్బు దేశాల దాకా పోయేవి. నూనె, బూడిద నీళ్లలో నూలును నానబెట్టి, ఎరుపు, నలుపు, తెలుపుల్లో నేసేవాళ్లు. ఆ విద్య మన వైపు వచ్చి, పుట్టపాకలో, మన ఊళ్లో, చుట్టుపక్కల పల్లెల్లో వేళ్లూనింది. తర్వాత పట్టు వచ్చింది, కొత్త బొమ్మలు వచ్చాయి, రుమాలు చీర అయింది. పుట్టపాకకు చెందిన గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీలు వచ్చాయి. పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు దక్కింది. 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ మన ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. ఇవన్నీ మీకు తెలిసినవే. మన వాట్సాప్ గ్రూపులో చప్పట్ల బొమ్మలు పెట్టుకున్నవే.

తెలిసి కూడా మనం తక్కువగా చెప్పుకునేది ఒకటుంది. దాని పేరు ఆసు.

పేక నూలుకు చిటికి కట్టాలంటే ముందు ఆసు పోయాలి. ఒక చెక్కకు ఒక కొసన ఒక మేకు, రెండో కొసన అర్ధచంద్రంలా వరుసగా మేకులు. పోగు పట్టుకుని ఈ మేకు నుంచి ఆ మేకుకు, ఆ మేకు నుంచి ఈ మేకుకు చెయ్యి తిప్పుతూనే ఉండాలి. లెక్క తప్పకూడదు, పోగు తెగకూడదు. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు తిరగాలి. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. లెక్కల టీచరును కదా, ఒకసారి కాగితం మీద వేసి చూశాను. ఒక్కో తిప్పుకు మీటరు దూరం అనుకుంటే, రెండు చీరలకు 18 కిలోమీటర్లు. మూడు రోజులకు ఒక ఆడమనిషి చెయ్యి ఇక్కడి నుంచి హైదరాబాదు దాకా నడిచినట్టు. కూర్చున్న చోటి నుంచి లేవకుండానే.

ఆడమనిషి అని ఊరికే అనలేదు. ఆసు పోసింది ఇంటింటా ఆడవాళ్లే. నా చిన్నప్పుడు మా వాడకట్టులో నలభై ఏళ్లు దాటిన ఏ అమ్మకూ చెయ్యి పూర్తిగా పైకి లేచేది కాదు. దండెం మీద బట్టలు ఆరేయాలంటే పిల్లల్ని పిలిచేవాళ్లు.

1974 ఎండాకాలంలో మా అమ్మ భుజం పడిపోయింది. అప్పుడే మా అక్క ఏడో తరగతి పాసైంది. మన బడిలోనే చదివింది, లెక్కల్లో క్లాసుకు ఫస్టు. నేను అయిదు పాసై ఆరులో చేరాలి. మగ్గం ఆగితే ఇల్లు ఆగుతుంది. అక్కను బడి మాన్పిస్తారని తెలిసి మా లెక్కల సారు ఇంటికి వచ్చారు. గడపలో పీట వేస్తే కూర్చుని, “ఈ పిల్లను ఆపకండి, బాగా చదువుకుంటది” అన్నారు. నాయిన ఏమీ మాట్లాడలేదు. అమ్మ లోపలి నుంచి, “ఇద్దర్ని తోలితే ఆసు ఎవరు పోస్తరు సార్?” అన్నది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు మా అక్క అన్నది: “చెల్లెను తోలుండ్రి సార్. నేను ఇంట్ల ఉంట.”

అక్కకు అప్పుడు పన్నెండు నిండి పదమూడు.

ఆ జూన్‌లో నేను మన బడి గేటు దాటి లోపలికి వచ్చాను. అక్క ఆసు ముందు కూర్చుంది.

రాత్రి కందిలి పెట్టుకుని నేను పైకి చదివేదాన్ని. అక్క ఆసు పోస్తూ వినేది. నేను తప్పు చదివితే చెయ్యి ఆపకుండానే సరిదిద్దేది. తొమ్మిదో తరగతిలో గ్రాఫు పాఠం వచ్చింది. ఎక్స్ అక్షం, వై అక్షం నాకు ఎంతకీ బుర్రకెక్కలేదు. ఏడుపు మొహం పెడితే అక్క పుస్తకం తీసుకుని చూసి నవ్వింది. మా ఇంట్లో చీర డిజైన్లు గళ్ల కాగితం మీదే వేసేవాళ్లు కదా. “పక్కకు ఎన్ని గళ్లు, పైకి ఎన్ని గళ్లు. గింతే గదనే” అన్నది. అంతే, ఆ రోజు నుంచి గ్రాఫు నాకు భయం లేదు. ముప్పై ఎనిమిదేళ్లు నా పిల్లలకు గ్రాఫు చెప్పింది ఆ ఒక్క మాటతోనే. ఎన్నో బడులు మారాను. అన్నిచోట్లా, “మేడం గ్రాఫు బాగా చెబుతుంది” అన్నారు. మా అక్క చెప్పింది అని నేను ఎక్కడా అనలేదు.

ఆసు గురించి చెబుతూ చింతకింది మల్లేశం గారి పేరు చెప్పకపోతే పాపం. ఆలేరు దగ్గర శారాజిపేట ఆయనది. తల్లి లక్ష్మి గారు ఆసు పోస్తూ పడే బాధ చూడలేక, ఆ పని యంత్రంతో చేయించాలని 1992లో మొదలుపెట్టారు. డబ్బు లేక, నవ్వేవాళ్లు నవ్వుతుంటే, మధ్యమధ్య ఆగుతూ, 1999కి పూర్తి చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది, భుజాలకు తెరిపి వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ఆయన కథ సినిమాగా వచ్చింది. ఆయన ఇంజనీరింగ్ చదవలేదు. బడి మధ్యలోనే మానేసిన మనిషి. ఇదీ గుర్తుపెట్టుకోండి.

మా ఇంటికి ఆ యంత్రం వచ్చిన రోజు అక్క దాని ముందు పీట వేసుకుని కూర్చుని చాలాసేపు చూసింది. “దీనికి చెయ్యి గుంజదు గదా” అన్నది. అంతకు మించి ఏమీ అనలేదు.

ఇప్పుడు ఇంకో తప్పు ఒప్పుకోవాలి. కొన్నేళ్ల కింద అక్క కూతురి పెళ్లికి నేను పట్నంలో ఒక పెద్ద దుకాణంలో చీర కొన్నాను. పెట్టె మీద ‘పోచంపల్లి’ అని ఉంది, ధరా బాగానే పెట్టాను. అక్క చేతిలో పెట్టాను. అక్క మడత విప్పి, చీరను తిరగేసి చూసి, కొంగు అంచున ఒక పోగు లాగింది. “మంచిగుంది చెల్లె. గని గిది మగ్గం మీద పుట్టలే” అన్నది. ఆ చీర మీద మన బొమ్మను అచ్చుగుద్దారు. పుట్టింటి సంతకాన్ని ఎవరో ఫోర్జరీ చేస్తే, డబ్బిచ్చి కొనుక్కుని, ఆ సంతకం పెట్టిన మనిషి చేతికే ఇచ్చాను. అంత చదివినా నాకు తేడా తెలియలేదు.

ఆ రోజు అక్క నేర్పింది మీకూ చెబుతాను, ఇది పనికొచ్చే పాఠం. ఒకటి, చీర తిరగేయండి. చిటికి చీరకు ముందూ వెనకా ఒకే తీరుగా ఉంటుంది. అచ్చుగుద్దిన చీరల్లో చాలావాటికి వెనక రంగు వెలవెలబోతుంది. రెండు, బొమ్మ అంచు చూడండి. గీత గీసినట్టు పదునుగా ఉంటే అనుమానించండి. మూడు, కొసన ఒక పోగు లాగి చూడండి. చిటికి పోగు మీద రంగులు ముక్కలు ముక్కలుగా, పోగు లోపలికంటా ఉంటాయి. నాలుగు, కొనేటప్పుడు, “చేనేతేనా, రాసిస్తారా?” అని అడగండి. మనమే అడగకపోతే బయటివాళ్లు ఎందుకు అడుగుతారు? అమెరికాలో ఉన్నవాళ్లు, బెంగళూరులో ఉన్నవాళ్లు పండక్కి వచ్చినప్పుడు నేసినవాళ్ల గడపకే వెళ్లి కొనండి. ఇవాళ సన్మానానికి తెచ్చిన శాలువాలు ఎక్కడ కొన్నారని నేను అడగను. కార్యదర్శి గారు నా వైపు చూడడం మానేశారు కాబట్టి నాకు జవాబు తెలిసింది.

ఇక అసలు సంగతికి వస్తున్నాను.

పోయిన నెల సభ్యత్వ ఫారాలు ఇస్తే రెండు తీసుకున్నాను. ఒకటి నాకు, ఒకటి అక్కకు. అక్క ఇంటికి తీసుకెళ్లి ఇచ్చాను. అద్దాలు పెట్టుకుని చదివింది. పేరు, తండ్రి పేరు, చిరునామా. నాలుగో గడిలో ‘పదో తరగతి పాసైన సంవత్సరం’ అని ఉంది. అక్కడ ఆగింది. ఫారం నాలుగు మడతలు పెట్టి నాకు తిరిగి ఇచ్చి, “నాకు రాయనీకి ఏం లేదు చెల్లె” అన్నది.

ఈ గడిని ఎవరూ చెడ్డ మనసుతో పెట్టలేదు. ఏ బ్యాచో తెలియడానికి పెట్టారు. యాభై ఏళ్లుగా ఉంది, మనలో ఎవరికీ అడ్డం అనిపించలేదు. ఎందుకంటే మనమంతా అది నింపగలిగినవాళ్లం. కానీ ఒక్కసారి ఆలోచించండి. మనతో పాటు ఆరులో చేరినవాళ్లు ఎంతమంది, పదిలో మిగిలింది ఎంతమంది? మధ్యలో ఖాళీ అయిన బెంచీల వాళ్లు ఎక్కడికి పోయారు? ఆసు దగ్గరికి పోయారు, రంగుల బాన దగ్గరికి పోయారు, మగ్గం గుంటలోకి దిగారు. మన సంఘం సభ్యుల జాబితాలో డాక్టర్లున్నారు, ఇంజనీర్లున్నారు, నాలాంటి టీచర్లున్నారు. అందరం ఎక్కడికి వెళ్లినా, “మాది పోచంపల్లి” అని చెప్పుకుంటాం. ఎదుటివాళ్లు, “అబ్బో, చీరలు!” అంటారు. మనం ఆ మెప్పును జేబులో వేసుకుంటాం. నేను జీవితంలో ఒక్క చిటికి కట్టలేదు. ఆ మెప్పు నాది కాదు. అది ఎవరిదో వాళ్ల పేరు మన జాబితాలో లేదు. భూదానం కథలో అడిగినవాళ్ల పేర్లు మరిచిపోయినట్టే, చీర కథలో ఆసు పోసినవాళ్ల పేర్లు మరిచిపోయాం.

అందుకని స్వర్ణోత్సవ సభలో రెండు కోరికలు కోరుతున్నాను.

మొదటిది, ఆ నాలుగో గడిని మార్చండి. ‘మన బడిలో చదివిన సంవత్సరాలు’ అని పెట్టండి. ఒక్క ఏడాది చదివినా మనవాళ్లే. ఖర్చు లేని పని, ఒక వాక్యం మార్చి అచ్చు వేస్తే చాలు. మన హాజరు పట్టీల్లో వాళ్ల పేర్లు ఉండే ఉంటాయి. వెతికే పని నాకు అప్పగించండి, పదవీ విరమణ చేసి ఖాళీగానే ఉన్నాను.

రెండోది, ఏటా ఆగస్టు 7న జాతీయ చేనేత దినం చేస్తున్నాం, పిల్లలతో వ్యాసాలు రాయిస్తున్నాం. ఆ రోజు మాత్రం తొమ్మిదో తరగతికి గ్రాఫు పాఠం చిటికి కట్టే మనిషితో చెప్పించండి. సుద్దముక్క ఆ మనిషి చేతికి ఇచ్చి, మేష్టర్లంతా వెనక బెంచీలో కూర్చోండి. మన బడి పిల్లలు ఏ ఇంటర్వ్యూలోనూ కట్టుకున్న చీర చూసుకుని తల దించుకోకూడదు.

నా ఇరవై నిమిషాలు అయిపోయాయి, కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట చెప్పి దిగుతాను.

మా అక్క ఈ సభకు వచ్చింది. ముందుకు రమ్మంటే రాలేదు, వెనకాల వేపచెట్టు నీడలో నిలబడి ఉంది. ఇవాళ నేను కట్టుకున్న చీరకు ఆసు యంత్రం మీద పోసినా, చిటికి కట్టింది తనే. ఆ రోజు నాలుగు మడతలు పెట్టి ఇచ్చిన ఫారం నా దగ్గరే ఉంది. రాత్రి దాన్ని నింపాను. నాలుగో గడిలో ఉన్న అక్షరాలను కొట్టేసి, ‘1972 నుంచి 1974 వరకు, ఆరు, ఏడు తరగతులు’ అని రాశాను. సభ్యత్వ రుసుము కూడా తెచ్చాను.

కార్యదర్శి గారూ, ఇదిగో ఫారం. తీసుకోండి.